పాత వెల్డింగ్ మెషీన్‌లో ఏది బాగుంది, ఏది పోయింది: మీటరు చెప్పేది, చెప్పనిది

పోయిన ఎండాకాలం పత్తికొండ దగ్గర పల్లెలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక పాత వెల్డింగ్ మెషీన్ కొన్నాడు. 300 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్, ఇద్దరు పట్టి లాగితే గాని కదలదు. ట్రాక్టర్ ట్రాలీల రిపేర్లు, గేట్లు, బోరు పైపులకు క్లాంపులు అతని పని. మెషీన్ తెచ్చిన వారానికే రోగం బయటపడింది. పొద్దున మొదటి రెండు మూడు రాడ్లు హాయిగా కాలతాయి, ఆ తర్వాత రాడ్ ఇనుముకు అతుక్కుపోతుంది. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటర్ పెట్టి చూశాడు. "కాయిల్ రెండు కొసలకూ బీప్ వస్తాంది, లోపల షార్టయింది" అన్నాడు. టౌన్లో వైండింగ్ షాపుకు తీసుకుపోతే అక్కడా అలాంటి మీటరే పెట్టారు. "బీప్ వస్తాంది అంటే కాయిల్ తెగలేదు. కానీ పాతది కదా, మొత్తం రీవైండింగ్ చేపిస్తే మేలు" అన్నారు.

ఒకటే బీప్. దాన్ని చూసి ఒకరు పోయిందన్నారు, ఇంకొకరు ఉందన్నారు. ఖర్చు మాత్రం ఇద్దరి లెక్కలోనూ రీవైండింగే. "అన్నా, ఎవరి మాట నమ్మల్ల?" అని ఫోన్ చేశాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. చేతిలో పట్టుకుపోయే ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్లు వచ్చాక కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత బరువు మెషీన్లు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. కొత్తగా షెడ్డు పెట్టుకునే పిల్లలు వాటినే కొంటారు. కొన్న తర్వాత ఏది బాగుందో, ఏది పోయిందో తేల్చుకోలేక టెన్షన్ పడతారు. బాగున్న రాగిని పీకించి, మళ్లీ చుట్టించి, డబ్బు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే ఆ డబ్బా లోపల ఏముందో, ఏ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో మొదటి నుంచి రాస్తున్నాను.

లోపలున్న సామాను నిజానికి తక్కువే

పాత ఏసీ వెల్డింగ్ మెషీన్ అంటే ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. సన్నటి ఇనుప రేకులు పేర్చిన కోర్ మీద రెండు కాయిళ్లు ఉంటాయి. మెయిన్ నుంచి కరెంటు తీసుకునేది ప్రైమరీ. రాడ్ పట్టే హోల్డర్‌కు, ఇనుముకు తగిలించే క్లాంపుకు ఇచ్చేది సెకండరీ. ప్రైమరీలో చుట్లు ఎక్కువ, తీగ సన్నం. సెకండరీలో చుట్లు తక్కువ, పట్టీ మందం. ఈ రెండు కాయిళ్లకూ మధ్య తీగ కలయిక ఏదీ ఉండదు. ఉన్న సంబంధమంతా కోర్‌లోని అయస్కాంత శక్తి ద్వారానే. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

కరెంటు ఎక్కువ తక్కువ చేసే ఏర్పాటు ఇంకొకటి. కొన్నిట్లో హ్యాండిల్ తిప్పితే కోర్‌లో ఒక ముక్క లోపలికీ బయటికీ జరుగుతుంది. కొన్నిట్లో చోక్ (కరెంటును అదుపు చేసే ఇంకో కాయిల్) నుంచి తీసిన కనెక్షన్ల మీద ప్లగ్ మార్చి గుచ్చుతారు. వీటికి తోడు ప్రైమరీకి అడ్డంగా కలిపిన ఒక కండెన్సర్, వైర్లు బిగించే హైలం షీటు (కరెంటు పోనివ్వని గట్టి పలక), ఒక స్విచ్. కొన్ని మెషీన్లలో కాయిళ్లు నూనెలో మునిగి ఉంటాయి, కొన్ని గాలికే చల్లారతాయి. కంప్యూటర్ బోర్డు లాంటిదేమీ లేదు. కాబట్టి చెడిపోయే చోట్లు కూడా లెక్కపెట్టుకోగలిగినన్నే.

ఒక ఉదాహరణ మెషీన్ అనుకుందాం. ప్రైమరీకి 415 వోల్టులు, అంటే రెండు ఫేజుల మధ్య కలుపుతారు. సెకండరీలో రాడ్ తగిలించకముందు 80 వోల్టులు వస్తాయి. ప్రైమరీలో 200 చుట్లు ఉంటే ఒక్కో చుట్టుకు 2 వోల్టుల పైచిలుకు పడుతుంది. అప్పుడు సెకండరీకి 39 చుట్లు చాలు. ముందు ముందు అన్ని లెక్కలకూ ఈ మెషీన్‌నే వాడుకుంటాను.

రాడ్ తగిలించకముందు వచ్చే వోల్టేజీ

దీన్ని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ అంటారు. పాత మెషీన్లలో సాధారణంగా 70 నుంచి 80 ఉంటుంది. ఆర్క్, అంటే రాడ్ మొనకూ ఇనుముకూ మధ్య మంట, వెలిగాక అది పడిపోతుంది. మామూలు చేతి రాడ్‌కు ఒక లెక్క ఉంది: 20కి, ఆంపియర్లలో ఇరవై అయిదో వంతు కలపాలి. 150 ఆంపియర్లకు 26 వోల్టులు. వెలిగించడానికి 80, వెలిగాక 26. మెషీన్ కావాలనే అలా చేస్తుంది, అది లోపం కాదు.

మల్టీమీటర్‌ను ఏసీ 200 రేంజిలో పెట్టి హోల్డర్‌కూ క్లాంపుకూ మధ్య చూస్తే ఈ వోల్టేజీ తెలుస్తుంది. ఏసీ మెషీన్ మీద డీసీ రేంజి పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. ఇంత చిన్న పొరపాటుకు మెషీన్ పోయిందనుకున్నవాళ్లూ ఉన్నారు.

80 రావలసిన చోట 44 వచ్చిందనుకోండి. చాలామంది సగం కాయిల్ కాలిపోయిందంటారు. లెక్క వేసి చూద్దాం. 415 కోసం చుట్టిన ప్రైమరీకి 230 ఇస్తే, 80ని 230తో హెచ్చవేసి 415తో భాగించాలి. సరిగ్గా 44 వస్తుంది. అంటే మెషీన్ బాగుంది, ఇచ్చిన కరెంటే తప్పు. కొన్ని మెషీన్లకు రెండు వోల్టేజీలకూ పనికొచ్చేలా లోపల రాగి పట్టీలు మార్చే ఏర్పాటు ఉంటుంది. పట్టీ 415కు పెట్టి సింగిల్ ఫేజ్ ఇస్తే ఆర్క్ రాదు, అంతటితో సరి. పట్టీ 230కి ఉండగా రెండు ఫేజులు ఇస్తే మాత్రం కాయిల్ నిజంగానే కాలిపోతుంది. పాత మెషీన్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు చూడాల్సింది ఆ పట్టీనే.

ఇంకో సంగతి మన వైపు బాగా కనిపిస్తుంది. పొలాలకు త్రీ ఫేజ్ ఇచ్చే గంటల్లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లన్నీ ఒక్కసారే ఆడతాయి. 415 ఉండాల్సింది 360కి దిగిందంటే మెషీన్‌లో 80 కూడా 69కి దిగుతుంది. 6013 రకం మామూలు రాడ్ దాంతోనూ వెలుగుతుంది. 7018 లాంటి లో హైడ్రోజన్ రాడ్ మాత్రం మొరాయిస్తుంది. సాయంత్రం మోటార్లు ఆగాక అదే రాడ్ బాగా కాలితే, ఆ రోజంతా మెషీన్‌ను తిట్టుకోవడం అన్యాయమే.

మెయిన్ నుంచి ఎంత లాగుతుంది

80 వోల్టులు, 150 ఆంపియర్లు: హెచ్చవేస్తే 12,000. దాన్ని 415తో భాగిస్తే మెయిన్ నుంచి 29 ఆంపియర్లు. అదే శక్తిని 230 సింగిల్ ఫేజ్ నుంచి తీస్తే 52 ఆంపియర్లు. ఇంట్లో పెద్ద ప్లగ్ సాకెట్ 16 ఆంపియర్లది. ఇంటి మీటరు నుంచి పాత మెషీన్ నడిపితే వైరు ఎందుకు కరుగుతుందో, పక్కింట్లో లైటు ఎందుకు మిణుకుమంటుందో ఇక చెప్పక్కర్లేదు.

నేమ్‌ప్లేట్ మీద 300 ఆంపియర్లు, పక్కన 60 శాతం అని ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మాత్రమే 300 తీయవచ్చని అర్థం. ఆపకుండా తీయగలిగేది 232 దాకానే. గంటల తరబడి 8 గేజి రాడ్లు కాల్చి, మెషీన్ కాగిపోతోందంటే అది రోగం కాకపోవచ్చు.

బీప్ ఏం చెబుతుంది

ఇక అసలు తగాదా. మల్టీమీటర్‌లో బీప్ అంటే, రెండు మొనల మధ్య కరెంటుకు కొన్ని పదుల ఓమ్‌ల కంటే తక్కువ అడ్డు (రెసిస్టెన్స్) ఉందని. అంతే. మన ఉదాహరణ మెషీన్‌లో ప్రైమరీ 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అనుకుందాం. ఒక చుట్టు 60 సెంటీమీటర్లు. ఒక చుట్టు అడ్డు ఓమ్‌లో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీఓమ్. 200 చుట్లకు 0.2 ఓమ్. సెకండరీ అయితే ఆరేడు మిల్లీఓమ్‌లే. మీటరు సొంత వైర్లకే 0.2 నుంచి 0.5 ఓమ్ దాకా ఉంటుంది.

కాబట్టి ప్రైమరీ రెండు కొసలకూ బీప్ రావాలి. సెకండరీ రెండు కొసలకూ రావాలి. రాకపోతేనే తీగ తెగినట్టు. ఊరి ఎలక్ట్రీషియన్ అక్కడే పొరబడ్డాడు. "415కు 0.2 ఓమ్ అంటే రెండు వేల ఆంపియర్లు కదా, షార్టు కాక మరేంది?" అన్నది అతని వాదన. డీసీకి అయితే ఆ లెక్క నిజమే. ఏసీలో కోర్‌లోని అయస్కాంతం నిమిషానికి వేల సార్లు అటూ ఇటూ మారుతూ కాయిల్‌లో ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. కరెంటును ఆపేది అదే, తీగ అడ్డు కాదు. అందుకే రాడ్ తగిలించనప్పుడు మెషీన్ కొద్ది ఆంపియర్లే తీసుకుంటుంది.

బీప్ రాకూడని చోట్లు మూడు: ప్రైమరీకీ సెకండరీకీ మధ్య, ప్రైమరీకీ బాడీకీ మధ్య, సెకండరీకీ బాడీకీ మధ్య. అక్కడ బీప్ వస్తే అది గట్టి సాక్ష్యం. అక్కడ బీప్ రాకపోతే మాత్రం బాగున్నట్టు రుజువు కాదు. మీటరులోని చిన్న బ్యాటరీకి తెలియని లోపం 415 వోల్టులకు బయటపడుతుంది.

ఒక్క చుట్టు షార్టయితే

వైండింగ్ షాపువాళ్లకు కూడా కష్టమైన లోపం ఇది. పక్కపక్కనున్న రెండు చుట్ల మధ్య పూత కాలి, తీగ తీగకు తగులుకుంది. 200 చుట్లలో ఒకటి పోయింది. మీటరులో 0.206 కాస్తా 0.205 అవుతుంది. ఆ తేడా ఏ మామూలు మీటరుకూ కనపడదు.

కానీ లోపల ఏం జరుగుతుందో చూడండి. ఆ ఒక్క చుట్టు తనంతట తానే ఒక సెకండరీ అయి కూర్చుంటుంది. దానికి 2 వోల్టులు, అడ్డు ఒక మిల్లీఓమ్. కాగితం మీద 2,000 ఆంపియర్లు. నిజంలో అయస్కాంత రేఖలు కొన్ని పక్కకు పోతాయి కాబట్టి అంత రాదు, వెయ్యి అనుకుందాం. వెయ్యి ఆంపియర్లు ఒక మిల్లీఓమ్‌లో పారితే 1,000 వాట్ల వేడి. మూరెడు తీగలో ఇస్త్రీపెట్టె అంత వేడి. పని చేయకుండా ఊరికే ఆన్ చేసి ఉంచినా కొద్దిసేపట్లోనే వార్నిష్ వాసన, తర్వాత పొగ.

దీన్ని పట్టేది టంగ్ టెస్టర్, అంటే వైరు విప్పకుండానే కరెంటు కొలిచే మీటరు. రాడ్ తగిలించకుండా మెయిన్ వైరు ఒకదాని చుట్టూ వేసి చూస్తే, బాగున్న మెషీన్ 3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, షార్టు చుట్టు వల్ల దానికి ఇంకో 5 దాకా తోడవుతుంది. ఈ పరీక్షలో కండెన్సర్ వైరు విప్పి ఉండాలి, లేకపోతే దాని కరెంటు లెక్కను కలగాపులగం చేస్తుంది.

సీరీస్ బల్బు పరీక్ష మీద మన వైపు గట్టి నమ్మకం ఉంది. 100 వాట్ల బల్బును ప్రైమరీకి వరుసలో కలిపి 230 ఇస్తారు. గుడ్డిగా వెలిగితే మంచిది, బాగా వెలిగితే షార్టు అంటారు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ఇది బంగారం లాంటి పరీక్ష. పెద్ద వెల్డింగ్ మెషీన్ దగ్గర మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. మన మెషీన్ ఖాళీగానే 415 మీద 3 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే ఏసీకి దాని అడ్డు 138 ఓమ్‌లు. వెలుగుతున్న 100 వాట్ల బల్బు అడ్డు 529 ఓమ్‌లు. ఆ జంటలో వోల్టేజీ దాదాపు అంతా బల్బుకే పోతుంది. కాయిల్ నిక్షేపంగా ఉన్నా బల్బు ధగధగ వెలుగుతుంది. అదే 1,000 వాట్ల హాలోజెన్ లైటు పెడితే దాని అడ్డు 53 ఓమ్‌లే కాబట్టి, బాగున్న కాయిల్ ముందు లైటుకు 82 వోల్టులే మిగిలి మసకగా ఉంటుంది. షార్టు ఉంటే అంతకంటే బాగా వెలుగుతుంది. పరీక్ష అదే, బల్బు మారితే తీర్పు మారింది. "బల్బు ఎలిగింది, కాయిల్ పోయింది" అన్న మాట విన్నప్పుడల్లా అది ఎన్ని వాట్ల బల్బో అడగాలనిపిస్తుంది నాకు.

జాయింట్లు: అందరూ వదిలేసే చోటు

నా అనుభవంలో పాత మెషీన్ల ప్రాణం తీసేది కాయిల్ కంటే బోల్టులు. సెకండరీలో పారేది 150 ఆంపియర్లు. లగ్ (తీగ కొసకు వేసి బోల్టుతో బిగించే ముక్క) కింద కొంచెం తుప్పు, కొంచెం వదులు. అక్కడ అడ్డు 10 మిల్లీఓమ్‌లు అనుకోండి. మీటరు దాన్ని కనిపెట్టలేదు, హాయిగా బీప్ అంటుంది. కానీ ఆంపియర్లను ఆంపియర్లతో హెచ్చవేసి అడ్డుతో హెచ్చవేస్తే 225 వాట్లు. ఒక బోల్టు కింద తొమ్మిది సోల్డరింగ్ ఐరన్లు పెట్టినట్టు. వేడికి లోహం సాగుతుంది, చల్లారినప్పుడు ఇంకొంచెం వదులవుతుంది, అడ్డు పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. హైలం షీటు ముందు గోధుమ రంగుకు, తర్వాత నల్లగా మారుతుంది.

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. ఇందాక ఏమీ చెప్పలేకపోయిన మల్టీమీటరే, ఆర్క్ కాలుతుండగా అడిగితే నిజం చెబుతుంది. లగ్ మీద ఒక మొన, బోల్టు మీద ఒక మొన పెట్టి ఏసీ వోల్టులు చూస్తే, ఆ 10 మిల్లీఓమ్‌ల జాయింట్ మీద ఒకటిన్నర వోల్టు కనిపిస్తుంది. బాగున్న జాయింట్ మీద ఓ వోల్టులో పదో వంతు కూడా ఉండదు. ఈ పని సెకండరీ వైపే. 415 ఉన్న ప్రైమరీ వైపు మూత తీసి, పని జరుగుతుండగా మొనలు పెట్టడం అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే వదలాలి.

కాయిల్ అల్యూమినియమా, రాగా అన్నది కూడా ఇక్కడే లెక్కకొస్తుంది. కొస దగ్గర కొంచెం గీకితే తెల్లగా ఉంటే అల్యూమినియం. అల్యూమినియం చెడ్డదని కొట్టిపారేస్తారు గాని, మందం తగినంత ఉంటే కాయిల్‌గా అది బాగానే పనిచేస్తుంది. తంటా అంతా అది రాగి బోల్టుకు, ఇత్తడి లగ్‌కు కలిసే చోట. పైన గాలికే కంటికి కనపడని పొర పడుతుంది, బిగింపుకు మెత్తని లోహం అణిగి వదులవుతుంది, చెమ్మ తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు. కాయిల్ మార్చకుండా ఆ ఒక్క కొసను కోసి, శుభ్రం చేసి, రెండు లోహాలకూ పనికొచ్చే లగ్ వేస్తే ఏళ్ల తరబడి నడిచిన మెషీన్లున్నాయి.

ఇన్సులేషన్: చెమ్మ అంటే చావు కాదు

కాయిళ్ల మధ్య, కాయిల్‌కూ బాడీకీ మధ్య అడ్డుగోడ ఎంత గట్టిగా ఉందో చెప్పేది మెగ్గర్. అది 500 వోల్టుల డీసీ ఇచ్చి, ఎంత లీకవుతుందో చూసి, మెగాఓమ్‌లలో చెబుతుంది. వాడుకలో ఉన్న మెషీన్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం చెప్పే కనీసపు లెక్క ఇది: ప్రైమరీకీ సెకండరీకీ మధ్య 5 మెగాఓమ్‌లు, ఆ రెండిట్లో దేనికైనా బాడీతో 2.5 మెగాఓమ్‌లు. ప్రైమరీ సెకండరీల మధ్యే ఎక్కువ ఎందుకంటే, ఆ గోడ పడితే 415 వైపు కరెంటు నేరుగా మనిషి చేతిలోని హోల్డర్‌లోకి వస్తుంది.

పాత కాయిళ్లకు నూలు, కాగితం చుట్టేవాళ్లు. రెండు వానాకాలాలు షెడ్డు మూలన పడి ఉన్న మెషీన్ 0.3 మెగాఓమ్ చూపిస్తే ఆశ్చర్యమేమీ లేదు. దాన్ని చూసి ఒకరు "పోయింది" అంటారు. ఇంకొకరు "ఇంత కాలం నడిచిందే కదా" అని కరెంటు ఇచ్చేస్తారు. రెండూ తొందరపాటే. చెమ్మ వల్ల పడిన రీడింగు ఆరబెడితే పైకి లేస్తుంది, కాలిపోయిన ఇన్సులేషన్ ఎంత ఆరబెట్టినా లేవదు. మూత తీసి మన సీమ ఎండలో రెండు మూడు రోజులు పెట్టి, మళ్లీ మెగ్గర్ వేస్తే ఆ రెంటికీ తేడా తేలిపోతుంది. దుమ్ము కూడా లీకుకు దారే. ఇనుప పొడి కలిసిన దుమ్ము మరీను. చాలా పాత మెషీన్లలో తెల్లటి తాడు లాంటి ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి, కంప్రెసర్‌తో ఊదే ముందు అది ఉందేమో చూడాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నూనె మెషీన్‌లో నూనే ఇన్సులేషన్, నూనే చల్లదనం. మట్టం తగ్గితే పై చుట్లు గాలిలో తేలి మాడిపోతాయి. అడుగున నీళ్లు చేరితే ఆ నూనెకు అర్థమే లేదు.

కండెన్సర్ మీద రెండు వాదనలు

"కండెన్సర్ పీకేసినా ఆర్క్ బాగానే వస్తుంది, అదెందుకు?" అనేవాళ్లు చాలామంది. ఆర్క్ వరకూ వాళ్ల మాట నిజం. కానీ పైన చూసిన 12,000 లెక్కలో ఆర్క్‌లో నిజంగా ఖర్చయ్యేది 26ను 150తో హెచ్చవేస్తే వచ్చే 3,900 వాట్లే. మిగతాది చాలావరకు అటూ ఇటూ ఊగులాడే కరెంటు. పని చేయదు గాని వైర్లను నింపుతుంది. 415 మీద 25 మైక్రోఫారడ్ల కండెన్సర్ 3.3 ఆంపియర్ల ఎదురు కరెంటు ఇస్తుంది, దాంతో లైన్లో 29 దాదాపు 26కు దిగుతుంది. చివరి స్తంభం మీద ఉన్న షెడ్డుకు ఆ మూడు ఆంపియర్లు తక్కువేమీ కాదు. పీకేయమనేవాళ్ల భయంలో కూడా నిజముంది. పాతబడిన కండెన్సర్ ఉబ్బి, లోపల షార్టై, ఆన్ చేయగానే ఫ్యూజు ఎగరగొడుతుంది.

ఈ లోపాన్నే ఎక్కువసార్లు "కాయిల్ పోయింది" అని పొరబడతారు. కండెన్సర్ వైరు విప్పి ఆన్ చేసినప్పుడు ఫ్యూజు నిలిస్తే దాన్ని ఎగరగొట్టింది కాయిల్ కాదు. అయితే కండెన్సర్ మెయిన్ తీసేశాక కూడా పట్టుకుని ఉంటుంది. 415 మీద నడిచినది 587 వోల్టుల దాకా దాచుకోగలదు. చార్జి దిగే దాకా ఆగకుండా, దిగిందో లేదో మీటరుతో చూడకుండా చేయి పెట్టకూడదు.

"ఎర్త్" అనే ఒక్క మాట, మూడు వేర్వేరు వైర్లు

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలతో చెలగాటమాడే గందరగోళం ఇదే. వెల్డర్ "ఎర్త్ క్లాంప్" అనేది నిజానికి ఎర్త్ కాదు. అది సెకండరీ కరెంటు తిరిగి మెషీన్‌లోకి వచ్చే దారి. మెషీన్ బాడీకి బిగించి భూమిలో గుంత దాకా పోయే వైరు అసలైన ఎర్త్. అది మామూలప్పుడు ఒక్క ఆంపియర్ కూడా మోయదు, లోపం వచ్చిన రోజు కోసం ఉంటుంది. స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ మూడోది. క్లాంపును న్యూట్రల్‌కు కలిపేయడం, బాడీ ఎర్త్‌కు బదులు న్యూట్రల్ బిగించడం, రెండూ మాట కలవడం వల్ల జరిగే పొరపాట్లే.

క్లాంపును పని చేసే చోటుకు దూరంగా పెడితే ఏమవుతుందో ట్రాలీ మీద చూడవచ్చు. వెల్డింగ్ ట్రాలీ వెనక తలుపుకు, క్లాంపు ముందున్న ట్రాక్టర్‌కు. 150 ఆంపియర్లు ట్రాలీ అంతా దాటి, కొక్కెం మీదుగా, దొరికిన బేరింగు మీదుగా తిరిగి వస్తాయి. బేరింగు గోళీల మీద చిన్న చిన్న గుంతలు పడతాయి. ట్రాక్టర్ ఆల్టర్నేటర్ కూడా పోవచ్చు.

అసలు ఎర్త్ దగ్గరికి వస్తే, మన నేలే ఒక చిక్కు. అనంతపురం వైపు ఎర్ర గరుసు నేల ఏప్రిల్, మే నెలల్లో బొక్కలా ఎండిపోతుంది. ఆదోని వైపు నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చి ఎర్త్ పైపు నుంచి దూరంగా జరుగుతుంది. నీళ్లు పోయని గుంత అడ్డు 20 ఓమ్‌లకు చేరిందనుకుందాం. ఒక ఫేజు బాడీకి తగిలింది. 240ని 20తో భాగిస్తే 12 ఆంపియర్లు. కిట్‌క్యాట్‌లో ఉన్నది 32 ఆంపియర్ల ఫ్యూజు తీగ. అది ఎగరదు. మెషీన్ మామూలుగానే నడుస్తుంది, బాడీ మీద మాత్రం ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉంటుంది. ఎర్త్ ఉంది, ఫ్యూజు ఉంది, రెండూ కాపాడలేదు. ఇలాంటి నేలలో ప్రైమరీ వైపు లీకేజీని పట్టి కట్ చేసే ఆర్‌సీసీబీ కావాలనడానికి కారణం ఈ లెక్కే. అది సెకండరీ వైపు షాకును మాత్రం పట్టదు, ఎందుకంటే రెండు కాయిళ్లకూ తీగ సంబంధం లేదు.

సెకండరీలో 80 వోల్టులే కదా అనుకోవడం కూడా ప్రమాదం. అంతర్జాతీయ ప్రమాణం మామూలు చోట్ల 80 వోల్టుల ఏసీని ఒప్పుకుంటుంది గాని, తడి ఉన్నచోట, ట్యాంకు లోపల లాంటి ఇరుకు చోట్ల 48కి మించకూడదంటుంది. మే నెలలో చెమటతో తడిసిన చొక్కాతో నీళ్ల ట్యాంకర్ లోపల కూర్చుని పాత ఏసీ మెషీన్‌తో పని చేసే పిల్లలను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

డయోడ్లున్న మెషీన్లు

డీసీ ఇచ్చే పాత రెక్టిఫయర్ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత డయోడ్లుంటాయి, త్రీ ఫేజ్ అయితే కనీసం ఆరు. డయోడు ఒక వైపే కరెంటు పోనిస్తుంది. రెండు వైపులా సున్నా చూపిస్తే షార్టు, రెండు వైపులా ఏమీ చూపకపోతే తెగినట్టు. అయితే వైరు విప్పకుండా చూస్తే పక్కనున్న కాయిల్ గుండా మీటరుకు దారి దొరికి, బాగున్న డయోడు కూడా షార్టులా కనిపిస్తుంది. మెగ్గర్ వేసేముందు డయోడ్లను విడదీయకపోతే ఆ 500 వోల్టులకు అవే పోవచ్చు.

రిపేరు చేయాలా, ఇన్వర్టర్ కొనాలా

ఇన్వర్టర్ వైపు వాదన బలమైనదే. ఒక చేత్తో మోయవచ్చు, అదే ఆర్క్‌కు మెయిన్ నుంచి చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది. చేలో, మేడ మీద పనికి పాత మెషీన్ దానికి సాటి రాదు. ఇక పాత మెషీన్ వైపు: లోపల చెడిపోయేవి తక్కువ, ఊరి ఎలక్ట్రీషియన్ చేతికి అందేవి. గ్రైండర్ పొడినీ, వోల్టేజీ ఎగుడుదిగుడులనూ అది ఓర్చుకున్నట్టు బోర్డులున్న మెషీన్ ఓర్చుకోదు. బోర్డు పోతే బాగు చేసేవాళ్లు తక్కువ, చాలాసార్లు బోర్డు మొత్తం మార్చాలి. త్రీ ఫేజ్ ఉన్న షెడ్డులో కదలకుండా పెట్టుకునేవాడికీ, రోజుకో ఊరు తిరిగేవాడికీ జవాబు ఒకటి కాదు. ఇన్సులేషన్ కాలిపోయి రీవైండింగ్ తప్పని మెషీన్ అయితే నేను ఇన్వర్టర్ వైపే మొగ్గుతాను. జాయింటో కండెన్సరో పోయిన మెషీన్‌ను పాత ఇనుముకు అమ్మడం మాత్రం నా మనసు ఒప్పుకోదు.

మా చిన్నాన్న కొడుకు మెషీన్ దగ్గర ఒక పూటంతా కూర్చున్నాం. రాడ్ తగిలించకుండా 78 వోల్టులు. ఖాళీగా నడిచేటప్పుడు కరెంటు మామూలుగానే ఉంది. మెగ్గర్ ప్రైమరీకీ సెకండరీకీ మధ్య 18 మెగాఓమ్‌లు చూపింది. కాయిల్ బాగుంది. తర్వాత రాడ్ కాలుస్తుండగా సెకండరీ బోల్టుల మీద మీటరు పెట్టాం. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని మీద మొదట 2 వోల్టులు. మూడో రాడ్‌కు అది 8, 9 దాకా పోయి ఊగిసలాడింది. ఆ వెంటనే రాడ్ అతుక్కుపోయింది. విప్పి చూస్తే అల్యూమినియం కొస రాగి పట్టీ కింద తెల్లటి పొడిగా మారి ఉంది, వెనక హైలం షీటు బొగ్గులా అయింది. కొస కోసి, లగ్ మార్చి, కొత్త హైలం షీటు ముక్క వేశాడు.

ఇప్పుడు షెడ్డు గోడ మీద సుద్దతో ఒక పట్టిక గీసుకున్నాడు. నెలకొకసారి తేదీ, మెగ్గర్ రీడింగు, రెండు బోల్టుల మీద వోల్టులు. వానలు పడిన నెలలో 18 కాస్తా 11 అయింది, ఎండ వచ్చాక మళ్లీ 17. ఎర్త్ గుంతలో నీళ్లు పోసిన రోజు కూడా అక్కడే రాస్తున్నాడు.